కొండ మీద పంచిన సముద్రం

మత్స్యకారుల సముద్రాన్ని ఎవరు ఏ పనికి వాడుకోవాలో తేల్చే సభను అరకులో పెట్టారు. సముద్రం కనబడని చోట, దాని హోరు వినబడని చోట, దాని వాసనైనా తగలని చోట. అక్కడికి రైలెక్కించి తెచ్చిన మత్స్యకారులను పక్క ఊళ్లవాళ్ల మధ్య కూర్చోబెట్టి, మీరు వేటాడే చోట్లు అందరి ముందూ చూపించండి అన్నారు. వాళ్లు చూపించలేదు. చూపించని చోటల్లా ఖాళీ అని రాసుకున్నారు. ఖాళీ అని రాసుకున్న చోట ఓడలదారి తవ్విన బురద తెచ్చి పోశారు. ఒక ఊరు అన్నం తినే చోటు ఆ బురద కింద పడిపోయింది.

ఇదీ జరిగిన అన్యాయం. ముందే చెప్పేశాను. ఎందుకంటే ఈ సంగతి చెప్పబోయిన ప్రతి ఆఫీసులోనూ నన్ను "మొదట్నించీ చెప్పవయ్యా" అన్నారు. మొదట్నించీ చెప్పుకొస్తే, అసలు ముక్క దగ్గరికి వచ్చేసరికి టీకి లేచిపోయారు. మీరు కూడా లేచిపోతే పోండి. అసలు ముక్క మీ చెవిన పడింది.

నేను మత్స్యశాఖలో ఫీల్డుమేన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకి ఆ మాట తెలియకపోవచ్చు. ఆఫీసుకీ ఒడ్డుకీ మధ్య నడిచేవాడు ఫీల్డుమేన్. తుపాను వస్తోందంటే ఊళ్లోకి పరిగెత్తి చెప్పాలి, వలలు వచ్చాయంటే పంచాలి, పెద్దాఫీసరు వస్తున్నాడంటే కొబ్బరిబొండాలు చూడాలి. నాకు బడి ఐదో తరగతితో ఆగిపోయింది. తర్వాత చదువుకున్నదంతా ఆఫీసు బీరువాలో చెదలు తినగా మిగిలిన కాగితాలే. వాటివల్ల నాకు తెలుగు వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ ఇప్పటికీ పోలేదు.

ఉద్యోగం చాలాకాలం సముద్రం ఒడ్డునే చేశాను. ఊరి పేరు రాయను. దక్షిణపూరు అంటాను. దానికి పైన, ఇసుకలో నడిచి పోయేంత దూరంలో ఉన్న ఊరిని ఉత్తరపూరు అంటాను. దక్షిణపూరి పెద్దని నేను మావా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఏళ్ల తరబడి ఒకరింట్లో అన్నం తింటే ఆ వైపుల అలా పిలుపు కుదురుతుంది. ఆయన కూతుర్ని ఉత్తరపూరి పెద్దగారి కొడుక్కిచ్చారు. ఇద్దరు పెద్దలూ వియ్యంకులు. ఒక పళ్లెంలో తినేంత స్నేహం.

అంత స్నేహం ఉన్నా, ఒకరు వేటాడే చోటు మరొకరికి చెప్పరు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా కథంతా మీకు అర్థమవుతుంది. మా శాఖకి అర్థం కానిదీ ఇదే.

సముద్రమంతా ఒకేలా ఉంటుందని ఒడ్డున నిలబడ్డవాడు అనుకుంటాడు. అడుగున అక్కడక్కడా రాతిదిబ్బలుంటాయి. కోనాం లాంటి మంచి చేప వాటి చుట్టూనే తిరుగుతుంది. వలలకి ఏమీ పడని రోజుల్లో గాలాలు పట్టుకుని అక్కడికి పోతే ఇంటిల్లిపాదీ బతుకుతారు. నీటి మీద దానికి గుర్తేమీ ఉండదు. పడవలోంచి గట్టువైపు తిరిగి కొండలు చూసుకోవాలి. ఫలానా కొండ ముక్కు దాని వెనక కొండ నడుం మీదికి రావాలి, ఇటు పక్క గుడిగోపురం తాటితోపు చివర నిలబడాలి. ఆ రెండూ కుదిరిన చోట లంగరు వెయ్యాలి. ఆ గుర్తులు తండ్రి కొడుక్కి చూపిస్తాడు. గట్టు మీద చెప్పడు, పడవలోనే చూపిస్తాడు. మంచి వేట దొరికిన పడవ తిన్నగా ఇంటికి రాదు. ఎటునుంచి వస్తోందో ఎవరికీ తెలియకుండా చుట్టు తిరిగి వస్తుంది. ఎక్కడ పడిందని అడిగితే, "అదిగో, అలగ" అని సముద్రమంతా చూపిస్తారు. పొరుగూరికి తెలియకపోవడమే ఆ చోటు విలువ. తెలిసిన రోజున అక్కడ పడవలు కిక్కిరిసి, చేప లేచిపోతుంది.

ఒక తుపాను కాలంలో నేను ఇంటికి పోకుండా ఆ ఊళ్లోనే ఉండిపోయి పడవలన్నీ పైకి లాగించాను. గాలి తగ్గాక మావ నన్ను పడవెక్కించి తీసుకుపోయి తన రాతిదిబ్బ చూపించాడు. "అల్లుడూ, నీకు సూపించేను. నా యియ్యంకుడికి కూడా తెల్దు. గట్టు మీద నీ నోటంట రాకూడదు" అన్నాడు. పడవ ముక్కు మీద చెయ్యి వేయించి మాట తీసుకున్నాడు. ఇచ్చాను.

తర్వాత వలల పంపిణీ దగ్గర ఒక పెద్దమనిషితో మాటామాటా పెరిగి, నన్ను కొండమీదికి బదిలీ చేశారు. అరకు దగ్గర మా శాఖకి చేపపిల్లల చెరువులుండేవి. బొచ్చె, శీలావతి పిల్లల్ని పెంచి ఏజెన్సీ ఊళ్ల చెరువుల్లో వదలడం పని. ఉప్పునీటివాణ్ణి తెచ్చి చెరువుగట్టు మీద కూర్చోబెట్టారన్నమాట. కూర్చున్నాను. కొండవాళ్లు మంచివాళ్లు, చేపపిల్లల్ని చంటిపిల్లల్లా కుండల్లో మోసుకుపోయేవారు. నా కోపం కాస్త చల్లబడే వేళకి సభ వచ్చిపడింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా ఇన్‌స్పెక్టరు నాకంటే చాలా చిన్నవాడు. మంచివాడు. ఆ మంచితనం ఏ రోజూ ఎవరికీ అక్కరకు రాలేదు. ఒకరోజు చెరువు దగ్గరికొచ్చి, "బాబాయ్, నీ పాతచుట్టాలు వస్తున్నారు, పండగే" అన్నాడు.

"ఎవరండీ?"

"ఒడ్డు ఊళ్లవాళ్లంతా. సముద్రానికి ప్లాను వేస్తున్నారు. ఎక్కడ వేట, ఎక్కడ ఓడలు ఆగాలి, ఎక్కడ తవ్విన మట్టి పోయాలి, అంతా రంగులేసి పంచుతారు. జనం మనసులో ఏముందో అడిగి మరీ వేస్తారట. ఆ మీటింగు మన గెస్ట్‌హౌసులో."

"సముద్రం మీటింగు కొండమీదెందుకండీ?"

ఇన్‌స్పెక్టరు అటూ ఇటూ చూశాడు. "డిసెంబరు కదా బాబాయ్. పెద్దాఫీసరుగారి ఇంట్లోవాళ్లు బొర్రా గుహలు చూడలేదట."

అప్పుడే చెప్పాను. ఒడ్డునే పెట్టించండి, అన్ని ఊళ్లనీ ఒకచోట కలపకండి, ఒక్కో ఊరికీ వెళ్లి విడిగా అడగండి, వీలైతే పడవెక్కి అడగండి, అందరి ముందూ అడిగితే ఒక్కడు కూడా నిజం చెప్పడు అని. ఇన్‌స్పెక్టరు అంతా విన్నాడు. విని, "నువ్వు చెప్పింది కరక్టే బాబాయ్. కానీ వంటవాళ్లకి చెప్పేశాం" అన్నాడు.

సభకి ముందురోజు సాయంత్రం పెద్దాఫీసరు వచ్చాడు. నేను వెళ్లి చేతులు కట్టుకుని అదే మాట చెప్పాను. ఆయన కాఫీ తాగుతూ నవ్వాడు. "చూడవయ్యా, గుట్టుగా అడిగే రోజులు పోయాయి. అందరి ముందూ అడగాలి, అందరి ముందూ చెప్పాలి. దాన్నే పారదర్శకత అంటారు. విన్నావా ఆ మాట?"

విన్నాను. బీరువాలో చదివాను కూడా. గుట్టు దాచుకుని బతికేవాడి గుట్టు లాగడానికి ఇంత మంచి మాట పెట్టారని మాత్రం అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్న విశాఖపట్నం ప్యాసింజరులో దిగారు. లుంగీలూ, పల్చటి చొక్కాలూ, చెవుల చుట్టూ తువాళ్లూ. ఆడవాళ్లు చీరకొంగులు నెత్తికి చుట్టుకుని వణుకుతున్నారు. చలంటే ఏమిటో వాళ్ల ఒంటికి తెలియదు. మావ దిగుతూనే నన్ను చూసి గట్టిగా అరిచాడు.

"ఏటల్లుడూ, ఇంత సలిలో ఎలగ బతుకుతున్నావురా! సేపైనా బిగుసుకుపోద్ది."

వెనకే వియ్యంకుడు దిగాడు. "అల్లుడు సేపలాగే ఉన్నాడు కదా బావగోరూ. బిగుసుకుపోయే ఉన్నాడు."

"సొరంగం వచ్చినప్పుడల్లా మా ఆడోల్లు పెట్టిన కేకలకి కొండ కూలిపోద్దనుకున్నాం" అన్నాడు మావ. "ఇంతకీ మమ్మల్నిలగ ఎందుకు పిలిసేరు? సముద్రం ఇక్కడికి తెచ్చేరేటి?"

గెస్ట్‌హౌసు వంటింట్లో ఒక కొండామె పనిచేసేది. వయసు నాకంటే కాస్త తక్కువ. పొయ్యి ముందు జాగా చేసి ఆడవాళ్లందర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. పళ్లెంలో నిప్పులు పోసి మగవాళ్లకి అరుగు మీదికి పంపింది. ఆ రోజు మత్స్యకారుల కష్టం చూసి చేసిన ఏర్పాటు ఏదైనా ఉందంటే అదొక్కటే. అది ఏ ప్లానులోనూ లేదు.

భోజనాలు ముందే పెట్టేశారు. పెద్దాఫీసరు మురిసిపోతూ చేపవేపుడు చేయించాడు. సముద్రపువాళ్లకి చేప పెడదామని. ఆ చేపలు నా చెరువులోవే, నేను పెంచినవే. మావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు.

"ఏటల్లుడూ ఇది?"

"బొచ్చె మావా. నేనే పెంచాను."

"పెంచితే పెంచినావు గానీ, బురద కంపు కొడతంది."

వియ్యంకుడు వాసన చూసి పళ్లెం పక్కన పెట్టాడు. "ఉప్పెయ్యడం మర్సిపోనారేమో బావగోరూ."

"ఉప్పు పైనెయ్యడం కాదు బావగోరూ. సేప ఉప్పులో పుట్టాల."

ఇద్దరూ కడుపారా నవ్వుకుని సాంబారన్నం తిన్నారు. నాకు ఉడుకుబోతుతనం వచ్చిందని ఒప్పుకుంటాను. అయినా ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే బాగుంటుంది. ఇద్దరూ కలిసి ఒకే మాట మీద ఉండడం ఆ రోజు నేను చూసింది అంతే.

తర్వాత హాల్లోకి తీసుకెళ్లారు. గోడ పొడుగునా పటం. కింద ఒడ్డు గీత, పైనంతా ఖాళీ నీలం. గుర్తులు చూసుకోవడానికి పటంలో ఒక్క కొండ లేదు, ఒక్క తాటిచెట్టు లేదు. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు కుర్ర నిపుణులు పసుపురంగు బిళ్లలు పంచారు. వెనకాల అంటు ఉన్న బిళ్లలు, బొట్టుబిళ్లల్లాగా. పెద్దాఫీసరు మైకు అందుకుని చాలా ప్రేమగా మాట్లాడాడు.

"మొహమాటపడకండి. ఈ సముద్రం మీది. మీరెక్కడ వేటాడతారో అక్కడ ఈ బిళ్ల అంటించండి. అది మీకే వదిలేస్తాం. మిగతాది వేరే పనులకి వాడుకుంటాం. అంతే."

కుర్చీల్లో అన్ని ఊళ్లవాళ్లూ ఒకళ్ల పక్కన ఒకళ్లు. ఎవరి చేతిలో బిళ్ల వాళ్ల చేతిలోనే ఉంది. మావ గొంతు సవరించుకుని వియ్యంకుడి వైపు తిరిగాడు.

"బావగోరూ, మగపెల్లోరు. ముందు మీరు."

"అదేటి బావగోరూ, వయసులో పెద్దోరు మీరుండగా నానా?"

"ఫర్లేదు, ఎల్లండి."

"తప్పు కదా బావగోరూ. మీరే ఎల్లండి."

నిపుణుల్లో ఒకడు పెద్దాఫీసరు చెవిలో, "ఎంత మర్యాదస్తులో సార్" అన్నాడు. నాకు వినబడింది. వాళ్లు చూస్తున్నది మర్యాద కాదు. ముందు లేచినవాడు ఎటువైపు నడుస్తాడో కనిపెట్టాలని ఊళ్లకి ఊళ్లు కాచుకుని ఉన్నాయి.

చివరికి ఉత్తరపూరి పెద్ద లేచాడు. పటం దగ్గరికి పోయి, ఒడ్డు గీతకి ఆనించి బిళ్ల అంటించాడు. అక్కడ అలలు విరుగుతాయి. ఆ చోట పడవ నిలవదు, వల నిలవదు.

"ఇక్కడేనా?" అన్నాడు ఆఫీసరు.

"ఇక్కడే బాబూ. ఎక్కువ దూరం ఎల్లలేం. ముసిలోల్లం."

మావ వెళ్లి దాని పక్కనే ఇంకోటి పెట్టాడు. "మాదీ అక్కడే బాబూ."

ఇంక మిగతావాళ్లకి దారి దొరికింది. వరసగా వచ్చి అంటించేశారు. చూస్తుండగానే ఒడ్డు పొడుగునా తట్టు పోసినట్టు పసుపు బిళ్లలు. పైన సముద్రమంతా ఒక్క బిళ్ల లేదు. నిపుణులు చప్పట్లు కొట్టారు. మత్స్యకారులు కూడా కొట్టారు. ఒకరి గుట్టు ఒకరికి తెలియకుండా గండం గడిచిందని వాళ్ల సంబరం.

నేను లేచాను. అటెండరుతో సమానమైన మనిషి అలాంటి సభలో లేవకూడదు. లేచి, "అయ్యా, ఇవి నిజం కావు. వీళ్లు ఒకరి ముందు ఒకరు చెప్పరు. ఊరూరా వెళ్లి విడిగా అడగాలి. ఈ పటం పట్టుకుని ప్లాను వేస్తే వీళ్ల నోట్లో మట్టి పడుతుంది" అన్నాను.

ఇన్‌స్పెక్టరు నా చొక్కా వెనక్కి లాగాడు. పెద్దాఫీసరు మొహం ఎర్రబడింది గానీ, గొంతు పెంచలేదు. మావ వైపు తిరిగాడు.

"పెద్దాయనా, మావాడు మీరు అబద్ధం చెబుతున్నారంటున్నాడు. నిజమేనా?"

మావ లేచి నిలబడ్డాడు. నన్ను చూశాడు. పక్కనున్న వియ్యంకుణ్ణి చూశాడు. వియ్యంకుడు ఊపిరి బిగబట్టి వింటున్నాడు.

"మాకు అబద్దం సెప్పాల్సిన కర్మేటి బాబూ? ఫీల్డుమేను కొండెక్కి సానా కాలమైంది. సముద్రం మర్సిపోనాడు. బురద సేపల్ని పెంచుకుని బతుకుతున్నాడు, పాపం."

హాలు గొల్లుమంది. ఉత్తరపూరి పెద్ద తొడ చరిచి నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది పెద్దాఫీసరు. నవ్వడం అయ్యాక ఒక పసుపు బిళ్ల తీసి నా వైపు చాపాడు.

"సరే. నీకు తెలుసంటున్నావుగా. రా, నువ్వే అంటించు."

నాకు తెలుసు. కొండల్లేని పటమైనా, ఒడ్డు మలుపు పట్టుకుని ఆ చోటు మీద వేలు పెట్టగలను. ఆ బిళ్ల అంటిస్తే ఆ ముక్క వేటకి మిగిలేది. అంటించిన మరుక్షణం అన్ని ఊళ్లకీ తెలిసిపోయేది. మావ నవ్వడం లేదు. ఆయన కళ్లలో భయం చూశాను. తుపానులో పడవ కొట్టుకుపోతున్నప్పుడు కూడా ఆయన అలా భయపడగా చూడలేదు.

"నాకు తెలియదండీ" అని కూర్చున్నాను.

దీనికి నన్ను తప్పుపట్టినవాళ్లున్నారు. నా భార్య పట్టింది, మా ఇన్‌స్పెక్టరు పట్టాడు, పాడేరులో ఒక లాయరు కూడా పట్టాడు. వాళ్లందరికీ ఒకటే చెప్పాను. ఆ చోటు నాది కాదు. ఇంకొకడి ఇంటి తాళం నా దగ్గరుందని, దొంగతనం జరక్కుండా తలుపు తీసి సామానంతా వీధిలో పెట్టమంటారా? అడగడం తెలియనివాడిదే తప్పు. చెప్పనివాడిది కాదు. ఈ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

మధ్యాహ్నం తిరుగు రైలుకి వాళ్లని ఎక్కించడానికి స్టేషనుకి వెళ్లాను. మావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"కోపమొచ్చిందేటల్లుడూ? అలగనకపోతే యియ్యంకుడికి అనుమానమొచ్చేసును. నువ్వు మాట నిలబెట్టినావు. మా ఊరు నిలబెట్టినావు."

"మావా, ఆ చోటు ఎవరికీ అక్కర్లేదని రాసుకుంటున్నారు."

"రాసుకోనీ. సముద్రమ్మీద ఎవడు రాయగల్డు?"

రైలు కదిలింది. వెనక్కి వచ్చేసరికి గెస్ట్‌హౌసు ముందు థింసా మొదలైంది. కొండ ఆడవాళ్లు నడుములు పట్టుకుని వరసకట్టి ఆడుతుంటే, పెద్దాఫీసరూ ఇంట్లోవాళ్లూ మధ్యలో దూరి ఫొటోలు తీయించుకుంటున్నారు. వంటింటామె గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది.

"ఏటి బావూ, హాల్లో అంత గొడవ?"

చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

"నిజమే మరి. తేనెపట్టు ఎక్కడుందో మా ఇంటాయన మా తమ్ముడికే సెప్పడు. పదిమందిలో అడిగితే సెప్తాడేటి?" అని, డాన్సు చేస్తున్న పెద్దాఫీసరు వైపు గరిటె చూపించింది. "సముద్రం గురించి అడగడానికి కొండెక్కేరు. అయితే మా కొండ గురించి అడగాలంటే మమ్మల్ని బీచికి తోలుకెల్తారేటి?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. అడిగే రోజు వచ్చినప్పుడు అలాగే చేస్తారని ఆమెకి అప్పుడే తెలుసేమో.

ప్లాను బయటికి రావడానికి చాలా కాలం పట్టింది. ఒక కాపీ మా ఆఫీసుకీ వచ్చింది. రంగురంగుల పుస్తకం, నున్నటి కాగితం. మొదటి పేజీలో అరకు సభ ఫొటో. మత్స్యకారులు చప్పట్లు కొడుతున్నారు. కింద, "తీరప్రాంత ప్రజలు ప్రణాళికకు సంపూర్ణ ఆమోదం తెలిపారు" అని ఉంది. లోపల పటం. ఒడ్డు వెంట దారమంత సన్నగా పసుపు గీత, అదీ వేటకి. మావ రాతిదిబ్బ ఉన్నచోట బూడిదరంగు. బూడిదరంగు అంటే, కొత్త రేవుకి ఓడలదారి తవ్వి తీసిన బురద పోసే చోటు.

పుస్తకం ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టి, "చూడండి" అన్నాను.

"చూశాను బాబాయ్. కానీ అక్కడ వేట లేదని మీవాళ్లే కదా అన్నారు?"

"అక్కడ లేదని ఎవరూ అనలేదండీ. ఉందని చెప్పలేదు."

"రెండింటికీ తేడా ఏముంది?"

తేడా అంతా అక్కడే ఉంది. చదువుకున్నవాడికి అది నేను చెప్పాలా?

సెలవు పెట్టి దక్షిణపూరు వెళ్లాను. మావ ఇసుకలో కూర్చుని గాలాలు చిక్కు తీస్తున్నాడు. పెద్ద కొడుకు గుజరాత్ పడవల మీద కూలికి పోయాడు. రెండోవాడు వెళ్లడానికి సంచి సర్దుకుంటున్నాడు. మావ ఒక గాలం నా అరచేతిలో పెట్టాడు. దాని కొక్కానికి బంకమన్ను పట్టి ఎండిపోయి ఉంది.

"రాయి తగల్దల్లుడూ" అన్నాడు గొంతు బాగా తగ్గించి. "గాలం ఏస్తే మెత్తగా దిగిపోతంది. కొండలు సరిగ్గానే కుదిరేయి, తాటితోపు కుదిరింది. మల్లీ మల్లీ సూసుకున్నాను. అదే సోటు. కింద బురద."

"మావా, ఇప్పుడైనా చెప్పు. నేను రాస్తాను. నువ్వు..."

"ఉస్!"

ఉత్తరపూరివాడొకడు బుట్ట నెత్తిన పెట్టుకుని మా పక్కనుంచి పోతున్నాడు. మావ గొంతు పెంచి, "అదే అల్లుడూ, ఈ ఏడు కవల్లు బాగా పడతాయనుకుంటన్నాం" అన్నాడు. వాడు దాటిపోయేదాకా కవళ్ల చేపల గురించే మాట్లాడాడు. బురద కింద పూడిపోయిన చోటుని కూడా ఆయన పొరుగువాడి నుంచి కాపాడుతూనే ఉన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనిషినా మైకు ముందు నిలబెట్టి చెప్పమన్నారు?

ఉత్తరపూరికీ వెళ్లాను. వియ్యంకుడూ గొంతు తగ్గించే మాట్లాడాడు. ఆయన చోటు వేరు. అదీ బూడిదరంగులోనే పడింది. ఎక్కడో నాకు చెప్పలేదు. చెప్పమని నేను అడగలేదు. "మా బావగోరికి మాత్రం తెలియనివ్వకు" అన్నాడు. ఇద్దరి ఇళ్లలోనూ పొయ్యి ఒకేలా చల్లారింది. ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునే దారి లేదు.

మళ్లీ మావ దగ్గరికొచ్చి కూర్చున్నాను. చేతిలో గాలాలు పక్కన పెట్టాడు.

"ఆఫీసరు బాబుని ఒక్కణ్ణీ రమ్మను. బంట్రోతు కూడా వద్దు. పడవెక్కించి తీసుకుపోయి సూపిత్తాను. ఇంకా సగం పూడలేదేమో. బేగి వత్తే ఆ సగమైనా దక్కుద్ది."

ఆయన నోటంట ఆ మాట రావడానికి ఎంత కష్టమైందో నాకు తెలుసు. తన ఇంటి గుట్టు, తాత నుంచి వచ్చిన గుట్టు, ముక్కూ మొహం తెలియని ఆఫీసరుకి చూపిస్తానన్నాడు. అడిగిందల్లా ఒక్కడే రావాలని, ఒడ్డుకే రావాలని.

పెద్దాఫీసరు దగ్గరికి పోయాను. ఆయన ప్రమోషను మీద వెళ్లిపోయాడు. ఆయన కుర్చీలో ఉన్నాయన, "ఆ ప్లాను నా టైములోది కాదు" అన్నాడు. తర్వాత వచ్చినాయన, "నువ్వు ఏజెన్సీ ఫీల్డుమేన్‌వి కదా, సముద్రంతో నీకేం పని?" అన్నాడు. ఆ తర్వాత వచ్చినాయన కుర్చీ చూపించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, అంతా విన్నాడు. అర్జీ రాసి పెట్టు, పైకి పంపుతానన్నాడు. పెట్టాను. అందులో పెద్దగా ఏమీ అడగలేదు. మట్టి పోయడం ఆపండి, మళ్లీ ఒకసారి అడగండి, ఒడ్డునే అడగండి, ఏ ఊరినాఊరు విడిగా అడగండి, ఫలానా పెద్ద మీలో ఒక్కరు వస్తే పడవలో తీసుకెళ్లి చూపిస్తానంటున్నాడు, త్వరగా రండి. చోటు ఎక్కడో రాయలేదు. మాట మాటే.

జవాబు లేదు. మళ్లీ రాశాను. ఎన్నిసార్లు రాశానో లెక్కపెట్టుకోలేదు, లెక్కపెట్టుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ మధ్యలో మావ రెండో కొడుకూ గుజరాత్ వెళ్లిపోయాడు. నేను రిటైరయ్యాను. బురద మోసే పడవలు రోజూ అదే చోటికి పోయి బోర్లించి వస్తూనే ఉన్నాయి. వెళ్లినప్పుడల్లా మావ అడిగేవాడు, "ఆఫీసరు బాబు ఎప్పుడొత్తాడల్లుడూ? పడవకి తారు పూసి ఉంచేను." వస్తాడు మావా అనేవాణ్ణి. నమ్మే అనేవాణ్ణి. దాన్ని తలుచుకుంటే ఆ ఆఫీసులన్నిటి మీదా ఉన్న కోపం మళ్లీ మొదట్నించీ మొదలవుతుంది.

పిల్లలూ, మీరూ రేపు ఏదో ఒక కుర్చీలో కూర్చుని జనం మనసులో ఏముందో అడుగుతారు. మైకు పెట్టి, భోజనం పెట్టి, బిళ్లలు పంచి అడుగుతారు. ఎదటివాడు నోరు విప్పకపోతే వాడికి ఏమీ లేదని రాసుకోకండి. మీరు అడిగిన చోటు, మీరు అడిగిన తీరు, వాడి పక్కన మీరు కూర్చోబెట్టిన మనిషి, అవన్నీ చూసుకోండి. వాడు నోరు మూసుకుని దేన్ని కాపాడుకుంటున్నాడో కాస్త తల పెట్టి ఆలోచించండి. అంతకుమించి నేనేమీ చెప్పను, చెబితే తిట్లు వస్తాయి.

రిటైరైన చాలాకాలానికి జవాబు వచ్చింది. పైన ముద్ర, కింద సంతకం, అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను:

"తమరి అర్జీ పరిశీలించడమైనది. తమరు ప్రస్తావించిన ప్రదేశమున వేట జరుగుచున్నట్లు సభలో ఏ గ్రామమువారును తెలిపియుండలేదు. అయినను మత్స్యకారుల ప్రయోజనములను దృష్టిలో నుంచుకొని, సదరు ప్రదేశము తమ గ్రామమువారు అనాదిగా వేట సాగించుచున్న చోటేనని పొరుగు గ్రామముల మత్స్యకారులందరిచే బహిరంగ సభలో ధ్రువీకరింపజేసి పంపినచో, తగు చర్య తీసుకొనబడును."